పేరు తెలియని పిట్ట

అమెరికాలో, నోవైలోని కూతురింట్లో ధనమ్మకు అన్నీ అమరాయి గాని, ఏడవడానికి చోటు మాత్రం దొరకలేదు. ఇల్లు పెద్దదే. గదులకు కొదవ లేదు, ప్రతి గదికీ తలుపుంది, తలుపుకు గడియ కూడా ఉంది. ఏం లాభం? గోడలన్నీ అట్టముక్కలే. పైగదిలో దగ్గితే కింద వంటింట్లోంచి "మందు వేసుకున్నావా అమ్మా" అని కేక వస్తుంది. అలాంటి ఇంట్లో కూర్చుని మనిషి శోకం ఎలా పెడుతుంది?

శోకమంటే కళ్ళు తుడుచుకుంటూ కూర్చోవడం కాదు మరి. బాపట్ల దాటి సముద్రం వైపు పోయే పల్లెల్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళను పిలుచుకుంటూ, వాళ్ళు తిన్నదీ కట్టుకున్నదీ, అలిగిందీ నవ్విందీ అన్నీ ఎత్తి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఒక్కో మాట చివర ఊపిరి అయిపోయేదాకా రాగం సాగదీస్తారు. ఆ సాగదీతలో గొంతు పైనుంచి జారుతూ జారుతూ వచ్చి ఎక్కడో పొట్టలో ఆగిపోతుంది. ఆ ఏడుపులో ఎవరినైనా తిట్టవచ్చు. దేవుణ్ణి తిట్టవచ్చు, డాక్టర్ని తిట్టవచ్చు, పోయినవాణ్ణే పట్టుకుని నన్నిలా వదిలేసి పోతావా దొంగా అని తిట్టవచ్చు. ధనమ్మ అత్తగారు పోయిననాడు ధనమ్మ తన మొగుణ్ణే, సాంబశివరావునే, కన్నతల్లికి గంజి పోయని కొడుకువయ్యావా అని అరుగు అదిరేలా శోకం పెట్టింది. ఆయన చూడబోతే తల్లికి చివరిరోజు దాకా తన చేత్తో అన్నం కలిపి నోట్లో పెట్టిన మనిషి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఊరికీ తెలుసు. శవం లేచి అందరూ తలస్నానాలు చేసి వచ్చాక ఆయన కాఫీ అడిగాడు, ధనమ్మ కలిపి ఇచ్చింది. అంతటితో సరి. శోకంలో అన్న మాట తర్వాత ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పవుతుంది.

ఆ సాంబశివరావు పోయింది నోవైలోనే, కిందటి చలికాలం. కూతురి దగ్గర కొన్నాళ్ళుండి పోదామని మొగుడూ పెళ్ళాం వచ్చారు. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేలోగా వాకిట్లో మంచు తోసేద్దామని పార పట్టుకుని బయటికి వెళ్ళిన మనిషి అక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. మిషను ఊపిరి పోస్తోంది. డాక్టర్లు వచ్చి కూతురు ఇంద్రజతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. ఇంద్రజ చివరికి తల ఊపింది. ఆ ఊపడం ధనమ్మ చూసింది. ఆ తర్వాత నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా అని కూతురు చెబితే, అలాగేనమ్మా అంది. ఇక లాభం లేదని ఆవిడకూ తెలుసు. తనను అడిగి ఉంటే తనూ తల ఊపేది. అడగలేదు, అంతే.

ఫ్యునెరల్ హోమ్‌లో ఆయనకు కోటు తొడిగి పడుకోబెట్టారు. జన్మలో కోటు వేసుకోని మనిషి పెళ్ళికొడుకులా ఉన్నాడు. ధనమ్మ మొదటి మాట ఎత్తబోతుండగా ఇంద్రజ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ గట్టిగా ఏడవరు."

అక్కడ పనిచేసే తెల్లాయన ఒకడు కాగితపు రుమాళ్ళ డబ్బా తెచ్చి ఎంతో మర్యాదగా ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. గొంతుదాకా వచ్చిన శోకం గొంతులోనే ఉండిపోయింది.

మంచు కరిగాక ధనమ్మకు చోటు దొరికింది. ఇంటి వెనక గడ్డి దాటితే పెద్ద చిత్తడి నేల ఉంది. సగం నీళ్ళు, సగం తుంగ, అంచున నాలుగు చెట్లు. ఇక్కడివాళ్ళు దాన్ని పూడ్చి ఇళ్ళు కట్టకుండా కంచె వేసి కాపాడుకుంటారు. తెల్లవారుజామున ఇంట్లోవాళ్ళు లేవకముందే ధనమ్మ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఆ చెట్ల దగ్గరికి పోయేది. కప్పలు అరుస్తుండేవి, బాతులు అరుస్తుండేవి, దూరంగా హైవే మీద లారీలు మూలుగుతుండేవి. ఆ సందడిలో తన గొంతు కలిపేసి కడుపు ఖాళీ అయ్యేదాకా శోకం పెట్టుకునేది. వెనక్కి వచ్చి తలస్నానం చేసి, మనవరాలికి దోసె పోసేది. ఆ పూట కూతురి మొహం చూస్తే ఆవిడకు ప్రేమ తప్ప మరోటి ఉండేది కాదు. చెప్పాల్సిందంతా నీళ్ళకు చెప్పేసి వచ్చింది కదా.

ఆ చెట్లలో ఒకదానికి ఆకుపచ్చ పెట్టె ఒకటి పట్టీతో కట్టి ఉండేది. అది ఇంద్రజ కట్టించిందే. ఇంద్రజ యూనివర్సిటీలో చిత్తడి నేలల చప్పుళ్ళ మీద పరిశోధన చేసే సైంటిస్టు. ఆ పెట్టె పిట్టల కోసం పెట్టామని, ముట్టుకోవద్దని తల్లికి ఎప్పుడో చెప్పింది. కూతురి కంప్యూటర్‌లో ధనమ్మ చూసిందల్లా బొమ్మలే. నల్లటి తెర మీద రంగురంగుల గీతలు, మచ్చలు, అలలు. ఇదేమిటే అంటే, ఆ పెట్టెలోంచి వచ్చిందేనమ్మా అని ఇంద్రజ చెప్పింది. పెట్టెలోంచి బొమ్మలొస్తున్నాయంటే అది కెమెరా కాక మరేమిటి? ధనమ్మ అదే అనుకుంది. అందుకని తన ఫొటో పడకుండా రోజూ శాలువా మొహం మీదికి లాక్కుని, సరిగ్గా ఆ పెట్టె వెనకే నిలబడి, దానికి జానెడు దూరంలో నోరారా ఏడ్చింది.

నిజానికి ఆ పెట్టెకు కళ్ళు లేవు, చెవులే. అది విన్నదంతా కంప్యూటర్ బొమ్మగా మార్చేది. బొంగురు చప్పుళ్ళు అడుగున, కీచు చప్పుళ్ళు పైన. నెలల తరబడి పోగైన చప్పుడును కూర్చుని వినే ఓపిక ఎవరికుంటుంది? ఇంద్రజా, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళూ వినేవాళ్ళు కాదు, చూసేవాళ్ళు. ఈ గీత కప్ప, ఈ మచ్చ బాతు, ఈ అడుగునున్న మసక హైవే అని మిషనే గుర్తుపట్టి పేర్లు రాసేది. ఆ బొమ్మలు సంహితకు వెళ్ళేవి. సంహిత ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, మగ్గం మీద బొమ్మలు నేసే ఆర్టిస్టు. కప్పలకు ఆకుపచ్చ దారం, బాతులకు ముదురు గోధుమరంగు, హైవేకి నలుపు. వసంతం నుంచి ఆకులు రాలే కాలం దాకా ఆ చిత్తడి చేసిన చప్పుడంతా గోడంత బట్టగా నేసి, ఊళ్ళో కొత్తగా కట్టిన ఆర్ట్ సెంటర్‌లో వేలాడదీయాలని ఇద్దరూ కలిసి పెట్టుకున్న పని అది.

ఎండాకాలంలో ఒంగోలు నుంచి వియ్యపురాలు నాగమణి దిగింది. ఆవిడ ధనమ్మ అల్లుడు భాస్కర్‌కు తల్లి. హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ ఇంగ్లీషంటే ఒంగోల్లో కలెక్టర్లే మెచ్చుకున్నారని ఆవిడే చెబుతుంది. వచ్చిన వారంలోనే ఇంటికి భోజనానికి పిలిచిన వాళ్ళ ముందు నాగమణి వెనకున్న చిత్తడిని చూపించి వేస్ట్‌లాండ్ అంది. ఇంద్రజ నవ్వుతూ, "వేస్ట్‌లాండ్ కాదు అత్తయ్యా, వెట్‌లాండ్" అని దిద్దింది. వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. నాగమణీ నవ్వింది. ఆ నవ్వు ఆవిడ మొహం మీద భోజనాలు అయ్యేదాకా అలాగే ఉంది, మేకు కొట్టి తగిలించినట్టు.

ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒకరినొకరు వదినగారూ అనుకునేవాళ్ళు. నాగమణి మాటలు పైకి చల్లగా ఉండేవి. వదినగారి చేతి పులుసుకు ఉప్పు వేరే వేసుకోనక్కర్లేదు, కళ్ళ నీళ్ళతోనే సరిపెడతారు అనేది. ఆ మాటకు అర్థం ధనమ్మకు రెండు రోజుల తర్వాత తట్టింది. నాగమణి గది కిటికీ చిత్తడి వైపు తెరుచుకుంటుంది.

ఆకులు పండుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఇంద్రజ భోజనాల బల్ల దగ్గరికి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. మిషనుకు పేరు తెలియని పిట్ట ఒకటి దొరికిందట. వసంతం నుంచీ రోజూ తెల్లవారుజామునే, ఇంటి వెనక పెట్టెలోనే. తెర మీద నీలంగా మెరిసే గీతలు చూపించింది. ఒక్కోటీ పైన మొదలై, సన్నగా వణుకుతూ, వంపు తిరిగి కిందికి జారుతోంది. ఎన్నో ఏళ్ళ కిందట ఈ చిత్తడిని వదిలి పోయిన నీటిపిట్ట ఒకటుందనీ, దాని కూత ఇలాగే జారుతుందనీ, అదే తిరిగి వచ్చి ఉండొచ్చనీ చెప్పింది. పిట్టల నిపుణులకు రాశాననీ, ఊరి పేపర్‌వాళ్ళు కూడా అడుగుతున్నారనీ చెప్పింది.

భాస్కర్ అదెలా కూస్తుందో వినిపించమన్నాడు. కింది చప్పుళ్ళన్నీ కోసేసి శుభ్రం చేసిన ముక్క ఒకటి ఇంద్రజ వేసింది. మాటలు లేవు, మనిషి గొంతు లేదు. ఒక సన్నటి ఊళ మాత్రం పైనుంచి జారి, జారి, ఆగిపోయింది.

ధనమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తన ఊపిరి తనకు తెలియదా? ఎదురుగా నాగమణి మజ్జిగ పోసుకుంటూ ఆవిడ వంకే చూస్తోంది.

"ఎంత బాగా కూస్తోందో పాపం" అంది నాగమణి. "జంట పోయిన పిట్టేమో అమ్మాయ్."

ఆ రోజు నుంచి ధనమ్మ చిత్తడి వైపు పోవడం మానేసింది. ఇంద్రజ మాత్రం, చలికి పిట్ట వెళ్ళిపోయింది చూశావా, వలస పిట్టే, అని ఇంకా సంబరపడింది. ఒకసారి ధనమ్మ తెగించి, కూతురు కారు తాళాలు వెతుక్కుంటుండగా, అది పిట్ట కాదేమోనే అని అంది. ఇంద్రజ నవ్వి తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, "నువ్వు కూడా సైంటిస్టువైపోయావా?" అని వెళ్ళిపోయింది. మళ్ళీ గట్టిగా చెబుదామంటే మాట అక్కడితో ఆగదు. పిట్ట కాదంటే ఎవరు అంటుంది. నేనే అంటే ఏమని ఏడ్చావు అంటుంది. ఏమని ఏడ్చిందో చెప్పగలదా?

పోనీలే, శుభ్రం చేసిన కూతలో మాటలు లేవు కదా, అలాగే పిట్టగానే ఉండిపోనీ, అని ధనమ్మ గుండె చిక్కబట్టుకుంది. అప్పుడే సంహిత ఇంటికొచ్చింది. బట్ట మచ్చుతునక ఒకటి బల్ల మీద పరిచింది. ఆకుపచ్చ, గోధుమ రంగు, నలుపు మధ్య పట్టులాంటి నీలం పోగులు జారుతున్నాయి. అందరూ అబ్బ అన్నారు. సంహిత ధనమ్మ చెయ్యి పట్టుకుని ఆ నీలం మీద పెట్టింది.

"అమ్మమ్మా, ఈ థ్రెడ్ లోపల వైర్ ఉంది. మీరు టచ్ చేస్తే, అది సౌండ్ ఇస్తది. క్లీన్ చేసింది కాదు, రియల్ సౌండ్. ఆ మార్నింగ్ బాక్స్ ఏం విందో, అదే మొత్తం. ఇంద్రజ ఆంటీ ఓకే చెప్పింది."

ధనమ్మ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. మచ్చుతునకకు ఇంకా కరెంటు తగిలించలేదు కాబట్టి బతికిపోయింది. ఆర్ట్ సెంటర్లో తగిలిస్తారు. అక్కడ ఎవరు ముట్టుకున్నా, ఆ మాటలన్నీ, పూసగుచ్చినట్టు, కూతురి చెవిలో పడతాయి.

ఇంట్లో ఆవిడకు అడగడానికి ఉన్న మనిషి ఒక్కతే. నాగమణికి ఇంగ్లీషు వచ్చు, సంహితతో మాట్లాడగలదు, ఆ నీలం పోగుకు కరెంటు ఇవ్వొద్దని ఏదో ఒక సాకు చెప్పగలదు. పైగా ఆవిడకు ఎలాగూ తెలుసు. ధనమ్మ ఆవిడ గదికి వెళ్ళి, మంచం చివర కూర్చుని, సిగ్గు విడిచి అంతా చెప్పుకుంది. ఆసుపత్రి, తల ఊపడం, కాగితపు రుమాళ్ళ డబ్బా, చెట్టు చాటు, అన్నీ. నాగమణి ఎక్కడా ఆపకుండా విన్నది. ఏమేమి మాటలన్నారు వదినగారూ అని ఒక్కటే అడిగింది. ధనమ్మ గుర్తున్నవన్నీ చెప్పింది. నాగమణి ఆవిడ వీపు నిమిరింది.

"శోకంలో అన్నది ఎవరు పట్టించుకుంటారు వదినగారూ? మా వైపు లేదా ఏమిటి? మీరు నిశ్చింతగా ఉండండి. నేను చూసుకుంటాను."

ధనమ్మ ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఆ రాత్రి ఆయన పోయాక మొదటిసారి నిద్రపట్టింది.

ప్రదర్శన మొదలుపెట్టిన సాయంత్రం బయట మంచు పడుతోంది, లోపల పూలూ దీపాలూ. తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. యూనివర్సిటీ వాళ్ళు, పేపర్‌వాళ్ళు, పిట్టల నిపుణులని మెడలో కార్డులు వేసుకున్న ముసలి తెల్లవాళ్ళు కూడా వచ్చారు. బట్ట గోడంతా పరుచుకుని ఉంది. దూరం నుంచి చూస్తే తెల్లవారుతున్న నీళ్ళలా ఉంది. దాని మధ్య నీలం జారుతుంటే, ఎవరి గొంతులోంచి వచ్చిన నీలమో తెలిసిన ధనమ్మ కూడా ఒక్క క్షణం మైమరచి చూసింది. ఇంద్రజ పట్టుచీర కట్టుకుంది. పిట్ట గురించి ఇంగ్లీషులో మాట్లాడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళ నా చదువుకు ఇది పండిన ఫలం అన్నట్టు ఏదో అని, తల్లి వైపు తిరిగి, చెయ్యి ఊపింది.

అప్పుడు సంహిత, ముట్టుకుని వినొచ్చు, మొదట ఇంటి పెద్దలు ముట్టుకుంటారు అంది. ధనమ్మ కదల్లేదు. నాగమణి కదిలింది. కొంగు సర్దుకుని, బట్ట దగ్గరికి నింపాదిగా నడిచింది. ఆకుపచ్చను దాటింది. గోధుమరంగును దాటింది. ధనమ్మకు అప్పటికీ అనుమానం రాలేదు, కరెంటు తీయించింది కాబట్టే అంత ధైర్యంగా పోతోందనుకుంది. నాగమణి అరచెయ్యి మొత్తం నీలం మీద ఆన్చింది.

మొదట కప్పలు వినిపించాయి. ఆ తర్వాత ఆ హాలంతా, నాలుగు వైపులనుంచీ, ధనమ్మ గొంతు.

"ఓ నా దొరో... మంచు తొయ్యబోయి మంచులో కలిశావా నా దొరో... కన్నకూతురే తల ఊపి నిన్ను సాగనంపిందా నా తండ్రో... ఆ చేత్తోనే నాకు అన్నం పెడుతోందయ్యో..."

తెలుగువాళ్ళు తలలు దించుకున్నారు. తెల్లవాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్నారు, ఎంత అందమైన కూత అన్నట్టు. ఇంద్రజ మొహంలో నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడింది. పిట్టల నిపుణుల్లో ఒకాయన ముందుకొచ్చి, ఇది మనిషి గొంతులా ఉందే, ఇదేం భాష అని నాగమణిని అడిగాడు.

నాగమణి బట్ట మీదనుంచి చెయ్యి తీసింది. తీసి, అందరి వైపూ తిరిగి, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు, ముక్క ముక్కకూ ఆగి, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో చెప్పింది. ఇది పిట్ట కాదనీ, తన కోడలి తల్లనీ, ఆవిడ తన భర్త గురించి చెబుతోందనీ చెప్పింది. ఆవిడ ఏమంటోందంటే, నా సొంత కూతురే ఆయన్ని చంపించింది, ఇప్పుడు ఆ చేతి తిండే నేను తింటున్నాను, అంటోందని చెప్పింది.

ధనమ్మకు ఇంగ్లీషు రాదు. కిల్ అన్న మాట మాత్రం టీవీలో విని తెలుసు. తను ఆ మాట అనలేదు. సాగనంపింది అంది. సాగనంపడానికీ చంపించడానికీ మధ్య ఎంత దూరముందో ఒంగోల్లో పుట్టిన నాగమణికి తెలియదా? ఆ మాట చెప్పడానికి ధనమ్మ నోరు తెరిచింది గాని, ఎవరికి, ఏ భాషలో చెబుతుంది? హాల్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పేపరమ్మాయి రాసుకుంటోంది. ముసలి తెల్లాయన మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకుని, ఇంద్రజ వైపు జాలిగా చూసి, కోటు వెతుక్కుంటూ పోయాడు.

నాగమణి వచ్చి ధనమ్మ పక్కనే కూర్చుంది.

"అడిగారు, చెప్పకపోతే మర్యాద కాదు కదా వదినగారూ. నా ఇంగ్లీషులో తప్పులేమైనా ఉంటే అమ్మాయి దిద్దుతుందిలెండి."

ఇంటికి వచ్చేటప్పుడు ఇంద్రజ డ్రైవ్ చేస్తోంది. పక్కన ధనమ్మ. భాస్కర్ తన తల్లినీ పిల్లనూ రెండో కారులో ఎక్కించుకుని ముందే వెళ్ళిపోయాడు. అద్దం మీద మంచు పడుతోంది, వైపర్లు తోస్తున్నాయి. ధనమ్మ చెప్పడం మొదలుపెట్టింది. శోకంలో అన్నది మాట కాదనీ, మీ నాయనమ్మ పోయినప్పుడు మీ నాన్నని కూడా ఇలాగే అన్నాననీ, ఆయన కాఫీ అడిగి తాగాడనీ, సాగనంపడమంటే అది కాదనీ, మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. ఇంద్రజ ఎర్రలైటు దగ్గర ఆగింది.

"ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు చేసిన చప్పుడే నిజమైందమ్మా. అందుకే మేం మనుషుల్ని దూరం పంపించి పెట్టెలు పెడతాం."

"అది నీ పిట్టలకే అమ్మా. మనుషులకు కాదు."

"రోజూ అన్నావు. వసంతం నుంచీ రోజూ. నా దగ్గర తేదీలతో సహా ఉంది."

పచ్చలైటు పడింది. ఇంద్రజ కారు ముందుకు పోనిచ్చింది.

ఆ తర్వాత ఇంద్రజ తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వేళకు మందులు ఇచ్చేది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేది, స్వెట్టరు వేసుకో అని చెప్పేది. అన్నం మాత్రం వడ్డించడం మానేసింది. గిన్నెలు బల్ల మీద పెట్టి, కావలసినంత పెట్టుకోండి అనేది. ధనమ్మ గరిటె పట్టుకున్నప్పుడల్లా నాగమణి, ఇంకాస్త పెట్టుకోండి వదినగారూ, మొహమాటపడకండి, అని గిన్నె ముందుకు జరిపేది. భాస్కర్ ఫోన్ చూసుకుంటూ తినేవాడు.

బట్టకు మాత్రం పేరొచ్చింది. పిట్ట పోయిందని సంహిత ఏమీ బాధపడలేదు. నిజంగా ఇదే ఇంకా గ్రేట్ స్టోరీ ఆంటీ అంది. పొరుగూళ్ళ నుంచి కూడా జనం కార్లు వేసుకుని వచ్చి, వరసలో నిలబడి, నీలాన్ని ముట్టుకుని, కళ్ళు తుడుచుకుని వెళుతున్నారు. అక్కడ కాగితపు రుమాళ్ళ డబ్బా కూడా పెట్టారట. కొందరు ఫొటోలు దిగుతున్నారట.

ఇంద్రజకు ఇంకో పని మిగిలింది. పిట్ట తిరిగొచ్చిందని రాసిన మాట తప్పని ఆమే మళ్ళీ రాయాలి. ఊరికే తప్పంటే చాలదు, ఆ నీలం గీతలు ఫలానా మనిషి గొంతేనని రుజువు కావాలి. అందుకు ఆ మనిషి చేత అదే చప్పుడు మళ్ళీ చేయించి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఒక ఉదయం ఇంద్రజ ఇదంతా తల్లికి తెలుగులో విడమరచి, ఎంతో ఓపికగా చెప్పింది.

"కుదరదనుకుంటే వద్దమ్మా. బలవంతం లేదు. నువ్వు సంతకం పెట్టే ఫామ్ మీద కూడా అలాగే రాసి ఉంటుంది."

అన్ని రోజుల తర్వాత కూతురు తనను ఒకటి అడిగింది. ధనమ్మ వస్తానంది. చేస్తే మనసు కరుగుతుందేమో, ఎదురుగా కూర్చుని విన్నాకైనా, అది తిట్టు కాదని బిడ్డకు తెలుస్తుందేమో. ఆ ఆశతోనే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కారెక్కింది.

యూనివర్సిటీలో అదొక చిన్న గది. గోడలకూ కప్పుకూ మెత్తలు తాపడం చేశారు. ఇక్కడ గోడలు అట్టముక్కలు కావు. తలుపు మూస్తే తన గుండె కొట్టుకోవడం తనకే వినిపిస్తోంది. ఎదురుగా అద్దం, అద్దం వెనక చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకుని ఇంద్రజ. ధనమ్మ మూతికి జానెడు దూరంలో మైకు. తల పైనున్న డబ్బాలోంచి కూతురి గొంతు వచ్చింది, రెడీ అయితే మొదలుపెట్టమ్మా అని.

ధనమ్మ కళ్ళు మూసుకుని మొగుణ్ణి పిలిచింది. రాలేదు. మంచును తలుచుకుంది, పారను తలుచుకుంది, పెళ్ళికొడుకులా కోటు వేసుకుని పడుకున్న మొహాన్ని తలుచుకుంది. గొంతులో ఏమీ కదల్లేదు. ఆయన కోసం ఏడవాల్సిందంతా ఆ చెట్ల దగ్గరే అయిపోయింది. కళ్ళు తెరిచి అద్దంలోంచి చూసింది. కూతురు తన వైపు చూడడం లేదు. తెర మీద గీతలు రాబోయే చోటు వైపు చూస్తోంది. ఆ వంగిన మెడ, చెవి పక్కన ఆ నెరిసిన వెంట్రుక చూసేసరికి, ఎక్కడో పొట్టలోంచి పైకి తన్నుకొచ్చింది.

"ఓ నా ఇంద్రజమ్మో... నా కడుపున పుట్టిన బంగారమో... నన్నొదిలి ఎక్కడికి పోయావే నా తల్లో..."

బతికున్న మనిషి పేరు శోకంలో ఎత్తకూడదు. ఆ పల్లెల్లో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి అది. ఎత్తితే ఆ మనిషిని నీళ్ళొదిలేసినట్టే. తన నోటి వెంట ఏమొస్తోందో ధనమ్మకు తెలుసు, అయినా ఆపుకోలేకపోయింది. రాగం పైనుంచి జారుతూ, జారుతూ, వణుకుతూ వచ్చి, ఊపిరి అయిపోయిన చోట ఆగింది. మెత్తల గోడలు దాన్ని మింగేశాయి.

అద్దం అవతల ఇంద్రజ చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత దిగి ఏదో మీట నొక్కింది. డబ్బాలోంచి గొంతు వచ్చింది, ఆసుపత్రిలో డాక్టర్లతో మాట్లాడిన గొంతు.

"కర్వ్ సరిగ్గా అదే వచ్చిందమ్మా. థాంక్స్. ఇంకోసారి చెయ్యి. ఈసారి పేరు లేకుండా. ఇలాంటి రికార్డింగుల్లో మనుషుల పేర్లు ఉండకూడదు."

ధనమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. కుర్చీలో సర్దుకుని మైకు దగ్గరికి జరిగి, పేరు తీసేసి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.